కొత్త నగరంలో కాలినడకకు అందే ఇల్లు

ఉద్యోగం కోసం పెద్ద నగరానికి వెళ్లేవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు: అద్దె ఎంత, ఆఫీసు ఎంత దూరం. తలనొప్పి మాత్ర కావాలన్నా బండి తీయాల్సిందేనా అన్న మూడో ప్రశ్న సామాన్లు దిగాక గానీ గుర్తుకు రాదు. అప్పటికి అగ్రిమెంటు మీద సంతకం అయిపోయి, అడ్వాన్స్ చేతులు మారిపోయి ఉంటుంది.

ఆ ప్రశ్నను ముందే అడిగేవాళ్లు కూడా ఎక్కువగా ఏరియా పేరు పట్టుకుని అడుగుతారు. ‘నడవడానికి ఏ ఏరియా బాగుంటుంది?’ అని కాబోయే సహోద్యోగులను కనుక్కుంటే వాళ్లు రెండు మూడు పేర్లు చెబుతారు. ఆ పేర్లు తప్పని కాదు, వాటితో పని జరగదు. ఇంటి గేటు నుంచి పది నిమిషాల్లో ఏమేం ఉన్నాయి, అక్కడికి వెళ్లే దారి ఎలా ఉంది అన్నదాన్ని బట్టి నడక సౌకర్యం ఒక్కో ఇంటికి ఒక్కోలా తేలుతుంది. పేరున్న ఏరియాలోనే చివరికంటా వెళ్లి, ఎనిమిది లేన్ల రోడ్డుకు అవతల ఫ్లాట్ తీసుకున్నవాళ్లకు ఆ పేరు అద్దె రసీదులోనే కనబడుతుంది. ఎవరూ గొప్పగా చెప్పుకోని పాత బజారు వెనక సందులో ఉన్నవాళ్లకు రోజులో సగం పనులు చెప్పులు వేసుకుని వెళ్తే అయిపోతాయి.

మామూలు మనిషి నడక గంటకు నాలుగున్నర నుంచి ఐదు కిలోమీటర్లు. అంటే ఐదు నిమిషాలకు దాదాపు 400 మీటర్లు, పది నిమిషాలకు 800. నగర ప్రణాళికల్లో ఈ అంకెలు దాదాపు వందేళ్లుగా నడుస్తున్నాయి. 1929లో అమెరికా ప్లానర్ క్లారెన్స్ పెర్రీ గీసిన నమూనా పేటలో మధ్యలో బడి, దాని చుట్టూ పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల లోపల ఇళ్లు. పారిస్‌లో పనిచేసే ప్రొఫెసర్ కార్లోస్ మొరెనో 2016లో ముందుకు తెచ్చిన ‘15 నిమిషాల నగరం’ ఆలోచనకు కూడా మూలం ఇదే లెక్క. రోజువారీ అవసరాలు ఇంటి నుంచి పావుగంట నడకలోనో, సైకిల్ దూరంలోనో ఉండాలన్నది దాని సారం. 2020 ఎన్నికల్లో అప్పటి పారిస్ మేయర్ ఆన్ ఇదాల్గో దాన్ని తన ప్రచారంలో పెట్టుకున్నాక ప్రపంచమంతా ఆ మాట వినిపించింది.

అంకె బాగానే ఉంది, దాన్ని కొలిచే తీరులోనే మోసం ఉంది. ప్రకటనల్లో ‘స్టేషన్‌కు 400 మీటర్లు’ అని రాసేది మ్యాప్ మీద గీత గీసి కొలిచిన దూరం. కాళ్లు గీత మీద నడవవు. వీధులన్నీ చక్కగా గళ్లలా ఉన్న చోట కూడా పది నిమిషాల్లో నిజంగా చేరుకోగల ప్రాంతం, 800 మీటర్ల వృత్తంలో దాదాపు 64 శాతమే. ఎటు వెళ్లాలన్నా నిలువుగా కొంత, అడ్డంగా కొంత నడవాలి కాబట్టి. ఇక మలుపులు తిరిగి మూసుకుపోయే వీధులు, పెద్ద ప్రహరీల కాంపౌండ్లు, రైలు పట్టాలు, కాలువలు అడ్డుపడితే అది సగానికన్నా బాగా పడిపోతుంది. గోడకు అటు బడి, ఇటు ఇల్లు. పిల్లవాడి గొంతు వినిపించేంత దగ్గర, కానీ గేటు అవతలి వైపు ఉండటంతో నడక కిలోమీటరు పైమాటే. ఇలాంటి ఇళ్లు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నాయి.

పెద్ద గేటెడ్ కాంపౌండ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వెనక బ్లాకులో, పై అంతస్తులో ఫ్లాట్ అయితే లిఫ్ట్ కోసం నిలబడటం, దిగడం, లోపలి రోడ్డు మీద మెయిన్ గేటు దాకా నడవడం, అన్నీ కలిసి ఐదారు నిమిషాలు ఇట్టే తినేస్తాయి. రోడ్డు మీద కాలు పెట్టేసరికే పది నిమిషాల బడ్జెట్‌లో సగం ఖర్చు. కాంపౌండ్‌కు వెనక వైపు కాలినడక గేటు ఉందా, ఉంటే రాత్రి ఎన్నింటికి తాళం వేస్తారు అన్న ప్రశ్న స్విమ్మింగ్ పూల్ గురించి అడిగే ప్రశ్నకన్నా ఎన్నో రెట్లు విలువైనది. ఎవరూ అడగరు కాబట్టి బ్రోకర్ దగ్గర దీనికి సమాధానం సిద్ధంగా ఉండదు. వాచ్‌మన్‌కు తెలుస్తుంది.

వీధుల అల్లిక ఎంత ముఖ్యమో తెలియాలంటే మూడు నగరాల బ్లాకులు, అంటే నాలుగు వీధుల మధ్య ఉండే ముక్కలు, పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నడిబొడ్డున ఒక్కో బ్లాకు ఒక వైపు 61 మీటర్లు. బార్సిలోనాలో ఇంజనీర్ ఇల్డెఫాన్స్ సెర్దా 1859 నాటి ప్లాన్ ప్రకారం కట్టిన భాగంలో 113 మీటర్లు. సాల్ట్ లేక్ సిటీ పాత బ్లాకులు 200 మీటర్లు. వీధుల వెడల్పు కూడా కలుపుకుని లెక్క కడితే చదరపు కిలోమీటరుకు పోర్ట్‌లాండ్‌లో సుమారు 160 కూడళ్లు, బార్సిలోనాలో 56, సాల్ట్ లేక్‌లో 17 వస్తాయి. కూడళ్లు ఎక్కువుంటే చుట్టు తిరుగుడు తగ్గుతుంది, ఒక దారి బాగోలేకపోతే మరో దారి దొరుకుతుంది. ఇల్లు వెతికేవాళ్లకు ఇది చాలా సులభమైన పరీక్ష: మ్యాప్ తెరిచి, చూస్తున్న ఇంటి చుట్టూ వల సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా అని చూడటమే.

2010లో రీడ్ ఎవింగ్, రాబర్ట్ సెర్వెరో అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి చూశారు. జనం నడకతో గట్టి సంబంధం ఉన్నవి కూడళ్ల సాంద్రత, ఇళ్లూ దుకాణాలూ పనిచోట్లూ కలిసి ఉండటం, నడిచే దూరంలో ఉన్న గమ్యాల సంఖ్య. జనసాంద్రతకు మాత్రం, మిగతావాటిని లెక్కలోకి తీసుకున్నాక, సంబంధం బలహీనంగానే తేలింది. ముప్ఫై అంతస్తుల టవర్లు పక్కపక్కన నిలబడ్డ చోటు నడకకు అనువుగా ఉంటుందన్నది అందుకే ఉత్త భ్రమ. జనం ఉంటారు, వెళ్లడానికి చోటే ఉండదు. అందరూ బేస్‌మెంట్ పార్కింగ్ నుంచి నేరుగా మెయిన్ రోడ్డు ఎక్కేస్తారు.

దీనికి ఎదురు ఉదాహరణ టోక్యో. అక్కడి ఇళ్ల మధ్య సన్నటి వీధుల్లో చాలావాటికి ఫుట్‌పాతే ఉండదు. అయినా మనుషులు నిశ్చింతగా నడుస్తారు. వీధి ఇరుకు కాబట్టి కారు మెల్లగా పోక తప్పదు. ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జపాన్ జోనింగ్ నిబంధనల ప్రకారం అన్నిటికన్నా కట్టుదిట్టమైన నివాస ప్రాంతంలో కూడా ఇంటికి ఆనుకుని చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. ఫుట్‌పాత్ ఉందా లేదా అని టిక్కు పెట్టుకుంటూ పోయేవాళ్లకు టోక్యో వీధి ఫెయిలవుతుంది. చూడాల్సింది వాహనాల వేగం. కారు గుద్దినప్పుడు పాదచారి చనిపోయే అవకాశం గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 65కు పెరిగేసరికి నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే 30 దాటని వీధిలో ఫుట్‌పాత్ లేకపోవడం ఒక ఇబ్బంది మాత్రమే. 60లో బండ్లు దూసుకుపోయే రోడ్డు పక్కన పలకలు పరిచిన ఫుట్‌పాత్ ఉన్నా, దాని మీద నడిచే మనిషికి ప్రాణం అరచేతిలోనే ఉంటుంది.

ఆ పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే ఏమవుతుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఆరు లేన్లు, ఒక్కో లేన్ మూడున్నర మీటర్లు. మధ్య డివైడర్ కాక 21 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి 18 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దావిడకు 26 సెకన్లు కావాలి. సిగ్నల్ 20 సెకన్లే ఇస్తే ఆవిడ ఆఖరి లేన్‌కు చేరకముందే బండ్లు కదులుతాయి. ఒకసారి అలా జరిగితే ఆవిడ ఇక అటు వెళ్లదు. రోడ్డవతలి పార్కు మ్యాప్‌లో 300 మీటర్ల దూరంలోనే ఉంటుంది, ఆవిడ లెక్కలో మాత్రం లేనట్టే. సిగ్నల్‌కు బదులు ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంటే అది మరో కథ. ఆరు మీటర్ల ఎత్తుకు 15 సెంటీమీటర్ల మెట్టు చొప్పున 40 మెట్లు ఎక్కాలి, 40 దిగాలి. సరుకుల సంచితోనో, పిల్లల తోపుడు బండితోనో రోజూ ఎక్కి దిగేవాళ్లు ఎంతమంది? లిఫ్ట్ ఉందంటారు. పనిచేస్తోందా అన్నది అక్కడికి వెళ్లి మీట నొక్కితేనే తెలుస్తుంది.

అందుకే ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని కొలతబద్దగా పెట్టుకోవాలి. ఉద్యోగానికి వెళ్లే మనిషికి పది నిమిషాల్లో 750 మీటర్లు అందితే, ఇంట్లోని పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ 500 మీటర్లు కూడా అందదు. ఒంటరిగా వచ్చేవాళ్లకు ఈ గొడవ లేదు.

ఇక ఆఫీసు. ఇల్లు ఆఫీసుకు నడిచేంత దగ్గర ఉంటే అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆఫీసులు గుంపుగా ఉండే చోట్లు తరచూ ఆఫీసు వేళల కోసమే బతుకుతాయి. రాత్రి తొమ్మిది తర్వాత, ఆదివారాలు షట్టర్లు దించేసి ఉంటాయి. పైగా అమెరికా జాతీయ ప్రయాణ సర్వేలను చూస్తే మనిషి చేసే మొత్తం ప్రయాణాల్లో ఉద్యోగానికి వెళ్లి వచ్చేవి ఐదో వంతుకు మించవు. మిగతావన్నీ సరుకులు, బడి, డాక్టరు, స్నేహితులు, షికార్లు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్ల విషయంలో ఆ వాటా ఇంకా తగ్గుతుంది. ఆ మిగతావన్నీ నడకకు అందే చోట ఇల్లు తీసుకుని, ఆఫీసుకు మాత్రం రైల్లోనో బస్సులోనో వెళ్లడమే చాలామందికి లాభసాటి బేరం.

అలాగని ప్రయాణ సమయాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీ కుటుంబాల సర్వేలను పరిశీలించి, రోజూ ఎక్కువసేపు ఆఫీసు ప్రయాణం చేసేవాళ్లు జీవితం పట్ల తక్కువ సంతృప్తితో ఉన్నారని తేల్చారు. మంచి ఇల్లు, ఎక్కువ జీతం ఆ నష్టాన్ని పూడుస్తాయని అర్థశాస్త్రం అనుకుంటుంది. వాళ్ల లెక్కల్లో అది పూడలేదు.

రెండిటినీ కలిపేందుకు ఒక ఉపాయం ఉంది: వెతుకులాటను ఆఫీసు చివర నుంచి మొదలుపెట్టడం. ఇల్లు ఎక్కడుండాలో మనం ఎంచుకోగలం, ఆఫీసును ఎంచుకోలేం. ఇంటి నుంచి స్టేషన్‌కు సైకిల్ ఉంటుంది, ఎవరైనా దింపుతారు. స్టేషన్ నుంచి ఆఫీసుకు కాళ్లే గతి. కాబట్టి ముందు ఆఫీసు గేటు నుంచి పది నిమిషాల సుఖమైన నడకలో ఏ స్టేషన్, ఏ బస్టాప్ ఉన్నాయో చూసుకోవాలి. ఆ తర్వాత బండి మారకుండా నేరుగా అక్కడికి వచ్చే లైన్లు ఏవో చూడాలి. ఆ లైన్ వెంబడి ఒక్కో స్టేషన్ దగ్గర దిగి, చుట్టూ ఉన్న పేటను కాలినడక లెక్కలో జల్లెడ పట్టాలి. బండి మారడాన్ని జనం గడియారంలో కనిపించే నిమిషాలకన్నా ఎక్కువ భారంగా లెక్కేసుకుంటారన్నది రవాణా పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం. అందుకే నేరుగా 35 నిమిషాలు, మధ్యలో మారుతూ 30 నిమిషాలకన్నా హాయి. ఎంత తరచుగా వస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. పది నిమిషాలకో బస్సు ఉంటే టైమ్‌టేబుల్ చూడకుండా వెళ్లి నిలబడొచ్చు, సగటున ఐదు నిమిషాల నిరీక్షణ. అరగంటకో బస్సైతే బతుకంతా గడియారం టెన్షనే. కొత్త ఉద్యోగం రెండేళ్లలో మారిపోయే అవకాశం ఉన్నవాళ్లు, రెండు లైన్లు కలిసే జంక్షన్‌కు దగ్గరగా చూసుకుంటే ఆఫీసు మారినా ఇల్లు మారక్కర్లేదు.

దూరం నుంచి చూసేవాళ్లకు చేతికి దొరికే మొదటి సాధనం స్కోర్లు. 2007లో మొదలైన వాక్ స్కోర్ సున్నా నుంచి వంద దాకా మార్కులేస్తుంది. ఐదు నిమిషాల నడకలో ఉన్న సదుపాయాలకు పూర్తి మార్కులు, దూరం పెరిగేకొద్దీ తగ్గుతూ అరగంట దాటితే సున్నా. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల అద్దె ప్రకటనల్లోనే ఈ అంకె కనిపిస్తుంది. వడపోతకు ఇది చాలా మంచిది: 40 వచ్చిన చోట కారు లేకుండా బతకడం కష్టం, ఆ ఇంటిని చూడటానికి వెళ్లక్కర్లేదు. కానీ 88కీ 94కీ మధ్య తేడాను నమ్మి ఇల్లు ఎంచుకోకూడదు. ఫుట్‌పాత్ మీద నీడ ఉందా, దారి ఎత్తెక్కుతుందా, రాత్రి దీపాలు వెలుగుతాయా, ఆ దుకాణంలో మనకు కావలసినవి దొరుకుతాయా అన్నవి ఆ అంకె చెప్పదు. ఖరీదైన బట్టల షాపులతో నిండిన వీధిలో మార్కులు బాగా వచ్చేస్తాయి. మాడిపోయిన బల్బుకు బదులు కొత్తది కొనాలంటే మాత్రం రెండు స్టేషన్లు వెళ్లాలి.

స్కోరు లేని నగరాల్లో ఆ పని ఎవరికి వాళ్లే చేసుకోవచ్చు. వారంలో తప్పకుండా వెళ్లే చోట్లు ఓ అరడజను రాసుకుని, చూస్తున్న ఇంటి నుంచి ఒక్కోదానికీ మ్యాప్‌లో నడక దారి అడగాలి. కారు దారి కాదు; కొన్ని యాప్‌లు మొదట కారు సమయమే చూపిస్తాయి, ప్రకటనల్లో ‘ఐదు నిమిషాల దూరం’ అనేది కూడా చాలాసార్లు అదే. తర్వాత వీధి ఫొటోలు తెరిచి, ముందుగా అవి ఏ సంవత్సరం తీసినవో చూడాలి. అందులో చూడాల్సింది మేడల అందం కాదు, కింది అంతస్తు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గేల్ వంద మీటర్లకు 15 నుంచి 20 దాకా చిన్న షాపులు, తలుపులు ఉన్న వీధిని నడకకు మేలైనదిగా లెక్కించాడు. వంద మీటర్లూ ఒకే గోడ, ఒకే గ్యారేజీ గేటు అయితే ఆ దూరం కాళ్లకు రెట్టింపుగా అనిపిస్తుంది. రాత్రి ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు ఇది విసుగుతో పోయేది కాదు, భద్రతకు సంబంధించిన సంగతి. తెరిచి ఉన్న తలుపు, వెలుగున్న కిటికీ, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి, వీటికి సీసీ కెమెరా సాటి రాదు.

ఫొటోలతో పని పూర్తి కాదు. ఇంటి లోపల గంటసేపు తిరిగి కప్‌బోర్డులు తెరిచి చూసేవాళ్లు, ఆ ఇంటి నుంచి స్టేషన్ దాకా ఒక్కసారి నడిచి చూడరు. ఫ్లాట్ చూడటానికి కారులో తీసుకెళ్లే బ్రోకర్‌ను గేటు దగ్గరే పంపించేసి నడవాలి. పనిదినం ఉదయం రద్దీలో ఒకసారి, ఆఫీసు నుంచి తిరిగొచ్చే చీకటి వేళ ఒకసారి. వీలైతే వాన వెలిసిన గంటలోపు కూడా. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఫుట్‌పాత్ వదిలి జనం ఎక్కడ రోడ్డెక్కుతున్నారో అప్పుడే కనిపిస్తుంది. జనం నడుస్తున్నారా అన్నదాని కన్నా ఎవరు నడుస్తున్నారన్నది చూడాలి. కాళ్లు చురుగ్గా ఉన్న కుర్రవాళ్లే కనిపిస్తే ఆ దారి ఇంకా తేలలేదని అర్థం. ముసలివాళ్లు చేతికర్రతో, పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా వెళ్తుంటే అంతకన్నా నమ్మకమైన సర్టిఫికెట్ మరొకటి లేదు.

ఇలాంటి ఇంటికి అద్దె ఎక్కువే ఉంటుంది. దాన్ని ఒంటరిగా చూస్తే ఎప్పుడూ భారమే. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటి ఖర్చును, ప్రయాణ ఖర్చును కలిపి చూసే సూచిక తయారుచేసింది. ఇంటి ఖర్చు ఒక్కటే అయితే ఆదాయంలో 30 శాతం, రెండూ కలిపితే 45 శాతం లోపు ఉండాలన్నది దాని గీత. ఆ లెక్కలో ఊరి చివరి చవక ఇల్లు చాలాసార్లు చవక కాదని తేలుతుంది: వాహనం వాయిదాలు, ఇన్సూరెన్స్, ఇంధనం, పార్కింగ్, రిపేర్లు. ఇద్దరు ఉద్యోగులున్న ఇంట్లో రెండో వాహనం అక్కర్లేకపోవడమే అద్దెలోని తేడాను మోసేయొచ్చు. అయితే వాహనం ఎలాగూ ఉంచుకుంటాం అనుకునేవాళ్లకు ఈ వాదన చెల్లదు. వాళ్లు నడక పేటకు అద్దె ఎక్కువ కట్టి, పార్కింగ్‌కూ ఎక్కువ కట్టి, రెండు వైపులా నష్టపోతారు.

అద్దె సంగతి అలా ఉంచితే, ఇంట్లో చోటు తగ్గుతుంది, వీధి చప్పుడు ఎక్కువవుతుంది. చప్పుడుకు ఒక విరుగుడుంది: దుకాణాల వీధి మీద కాక, దాని వెనక రెండో వీధిలో చూడటం. నడక రెండు నిమిషాలు పెరుగుతుంది, బస్సుల మోత, రాత్రి సరుకులు దించే లారీల గోల దాదాపు పోతాయి. అద్దె కూడా తరచూ కొంత తక్కువే.

అన్నీ కలిసొచ్చే ఇల్లు మొదటి ప్రయత్నంలో దొరకడం అరుదు. ఏది వదులుకోవాలన్న ప్రశ్న వస్తే తరచుదనాన్ని బట్టి తేల్చుకోవడం మంచిది. నెలకోసారి వెళ్లే సినిమా హాలు, ఎప్పుడో వెళ్లే పెద్ద మాల్ ఎంత దూరమున్నా ఫర్వాలేదు. రోజూ, రెండు రోజులకోసారి వెళ్లే చోట్లు దూరమైతే మొదటి నెలలోనే చికాకు మొదలవుతుంది. మనం ఊహించుకునే జీవితాన్ని బట్టి కాక, నిజంగా గడిపే వారాన్ని బట్టి జాబితా రాసుకోవాలి. జిమ్‌కు వెళ్లని మనిషి జిమ్ పక్కన ఇల్లు తీసుకున్నంత మాత్రాన వెళ్లడు.

దూరం నుంచే ఏడాది అగ్రిమెంటు చేసుకోవడం మాత్రం ఎంత మంచి ఫొటోలు చూసినా తొందరపాటే. మొదటి నెలకో రెండు నెలలకో తాత్కాలిక బస తీసుకునేవాళ్లు సాధారణంగా ఆఫీసు పక్కన తీసుకుంటారు. కంపెనీయే ఏర్పాటు చేస్తే అది మరీ ఖాయం. దానికన్నా జాబితాలో పైన ఉన్న పేటలోనే బస తీసుకుని అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లి రావడం మేలు. నచ్చితే ఇల్లు అక్కడే వెతకొచ్చు, ఖాళీ అవుతున్న వాటాల కబురు ప్రకటనల కన్నా ముందే చెవిన పడుతుంది. నచ్చకపోతే పోయేది నెల అద్దె. తర్వాత రాసుకునే అగ్రిమెంటులో కూడా లాక్-ఇన్ గడువు ఎన్ని నెలలు, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్స్‌లో ఎంత కోత అన్నవి సంతకానికి ముందే తేల్చుకుంటే రెండో పేటకు మారే దారి తెరిచే ఉంటుంది.